ఒక రోబో, అయిదు డిపార్ట్‌మెంట్లు: పీహెచ్‌డీ ప్రోగ్రాం కట్టడం ఎలా?

(తెరపై: రాత్రి రోడ్డు. కారు హెడ్‌లైట్ల వెలుగు.)

2018 మార్చి 18. అమెరికా, అరిజోనా రాష్ట్రంలోని టెంపీ. ఉబర్ పరీక్షిస్తున్న సెల్ఫ్ డ్రైవింగ్ కారు, సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొట్టింది. ఆమె చనిపోయారు.

కారుకు ఆమె కనబడలేదేమో అనుకుంటాం. కనబడింది! గుద్దడానికి 5.6 సెకన్ల ముందే రాడార్ పసిగట్టింది. సాఫ్ట్‌వేర్ ఆమెను ఓసారి వాహనమంది, ఓసారి ఇంకేదో అంది, ఓసారి సైకిలంది. పేరు మార్చినప్పుడల్లా, అంతవరకు ఆమె ఎటు కదిలిందన్న లెక్క పారేసింది. క్రాసింగ్ లేనిచోట మనుషులు దాటుతారన్న ఊహే డిజైన్‌లో లేదు. పైగా, ఉత్తుత్తి హెచ్చరికలకు కారు ఆగిపోకుండా, అత్యవసర బ్రేకుకు ముందు ఒక సెకను ఆగి చూడమని రాసిపెట్టారు. అవసరమైతే కారు ఆపడానికని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టిన మనిషేమో ఫోన్ చూస్తోంది. 

మరి ఈ తప్పు ఏ డిపార్ట్‌మెంట్‌ది? కారుకు చూడటం నేర్పే విజన్ వాళ్లదా? బ్రేకు, స్టీరింగ్ నడిపించే కంట్రోల్ వాళ్లదా? ఊరికే చూస్తూ కూర్చున్న మనిషికి అరగంటలోనే ధ్యాస సడలుతుందని సైకాలజిస్ట్ మాక్‌వర్త్ 1948లోనే ప్రయోగం చేసి చూపించాడు. అది సైకాలజీ పుస్తకాల్లోనే ఉండిపోయింది. ఎవరి ముక్క వాళ్లు కుట్టారు, అతుకుల దగ్గర చిరిగింది.

ఆ అతుకుల మీద పనిచేసేవాళ్లను తయారుచేయాలంటే రోబోటిక్స్ పీహెచ్‌డీ ప్రోగ్రాం ఎలా ఉండాలి?

(తెరపై: రెండు ఇళ్ల బొమ్మలు.)

రెండు దారులున్నాయి. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ 1988లో రోబోటిక్స్‌కే విడిగా పీహెచ్‌డీ పెట్టింది. అంటే సొంత ఇల్లు. అక్కడిదే మరో యూనివర్సిటీ జార్జియా టెక్ 2008లో మొదలుపెట్టినప్పుడు విద్యార్థి మెకానికల్‌లోనో, కంప్యూటింగ్‌లోనో, ఇంకో శాఖలోనో చేరి, అక్కడి నుంచే రోబోటిక్స్ చదివే పద్ధతి పెట్టింది. అది ఉమ్మడి కాపురం. సొంత ఇంటికి డబ్బు, పోస్టులు కావాలి. ఉమ్మడి కాపురం తొందరగా మొదలవుతుంది. కానీ జాగ్రత్తపడకపోతే విద్యార్థికి రెండు పడవల మీద కాళ్లే.

కోర్సుల గురించి ఎక్కువ చెప్పను. గణితం, పర్సెప్షన్ (సెన్సార్లతో చుట్టూ ఏముందో గుర్తించడం), కంట్రోల్, మెషీన్ లెర్నింగ్, మనిషి-రోబో సంబంధం... ఈ జాబితా ఎవరు రాసినా ఇంచుమించు ఇలాగే వస్తుంది. నన్నడిగితే, సిలబస్ కన్నా ముందు క్వాలిఫయింగ్ ఎగ్జామ్ (పీహెచ్‌డీలో ముందుకు సాగాలంటే పాసవ్వాల్సిన పరీక్ష) ప్రశ్న రాయాలి. ఇదిగో, ఇలాంటిది.

(తెరపై: వరండాలో వెళ్తున్న రోబో. ఎదురుగా మనిషి.)

రోబో వేగం సెకనుకు 2 మీటర్లు. కెమెరా చూసి, సాఫ్ట్‌వేర్ తేల్చేసరికి 0.1 సెకను. అప్పటికే 20 సెంటీమీటర్లు ముందుకెళ్లింది. బ్రేకు వేస్తే వేగం సెకనుకు 2 మీటర్ల చొప్పున తగ్గుతుంది, ఆగేలోపు ఇంకో మీటరు. ఎదురుగా మనిషి సెకనుకు 1.4 మీటర్ల చొప్పున నడిచొస్తున్నాడు, ఈ 1.1 సెకన్లలో ఒకటిన్నర మీటర్లు. మొత్తం దాదాపు 2.7 మీటర్లు. ఇంతవరకూ ఇంటర్ ఫిజిక్సే.

ఇప్పుడు టెంపీలోలా బ్రేకు వేయకుండా ఒక సెకను వేచి చూద్దామంటే? ఇంకో 3.4 మీటర్లు కావాలి. వేచి చూడకపోతే నీడ పడ్డా రోబో నిలబడిపోతుంది. చివరికి విసిగిపోయి ఎవరో సెన్సార్ ఆపేస్తారు. ఎంత అనుమానానికి బ్రేకు వేయాలి? ఆ గీత గీసేది ఎవరు, దెబ్బ తగిలితే పూచీ ఎవరిది? జవాబుకు లెక్కలొచ్చినవాడూ కావాలి, చట్టం తెలిసినవాడూ కావాలి. అయిదు శాఖల వాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఇలాంటి ప్రశ్న రాసి దిద్దితే, అందులోంచే సిలబస్ పుడుతుంది.

తర్వాత గైడ్లు. ఇద్దరుండటం మంచిదే. కానీ ఒకరు సిద్ధాంతం రుజువు చెయ్యమంటారు, ఒకరు రోబో నడిపి చూపించమంటారు. కంప్యూటర్ వాళ్లకు కాన్ఫరెన్స్ పేపర్ గొప్ప, కంట్రోల్ వాళ్లకు జర్నల్. ఏది లెక్కలోకొస్తుందో మొదటి ఏడాదే కాగితం మీద పెట్టి ఇద్దరిచేతా సంతకం చేయించాలి. నాలుగో ఏడాది ఆ పంచాయితీ విద్యార్థి మోయకూడదు.

చివరగా, ఎవరూ ప్రపోజల్‌లో రాయని ఖర్చు. ల్యాబ్‌లో ఒక పర్మనెంట్ ఇంజనీర్. ఆయన లేకపోతే మోటార్ కాలిన ప్రతిసారీ స్క్రూడ్రైవర్ పట్టుకునేది పీహెచ్‌డీ విద్యార్థే. ఒకటి రెండుసార్లు పట్టుకోవాలి కూడా, రోబో ఒళ్లు తెలుస్తుంది. మూడోసారికి మాత్రం ఆయన్ని పిలవండి.