అఫిడవిట్‌లో లేని కాలమ్

(పాల్గొన్నవారు: రిటర్నింగ్ అధికారిగా పనిచేసి రిటైరైన ఒకరు, రాజనీతి శాస్త్రం బోధించే అధ్యాపకురాలు, స్వతంత్ర అభ్యర్థిగా అసెంబ్లీకి పోటీ చేసి ఓడిన న్యాయవాది.)

యాంకర్: నమస్కారం. ఎన్నికలొస్తే అభ్యర్థి గుమ్మం ముందుకొచ్చి దండం పెడతాడు, ఒక్క అవకాశం ఇవ్వండి అంటాడు. ఇస్తే ఏం చేస్తాడన్నదే ఇవాళ్టి చర్చ. సార్, మీతో మొదలుపెడదాం. బోలెడు నామినేషన్లు తీసుకుని ఉంటారు.

రిటైర్డ్ అధికారి: తీసుకున్నానండీ. నామినేషన్‌తో పాటు ఫారం 26 అని ఒక అఫిడవిట్ ఇవ్వాలి. 2002లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వచ్చిందది. కేసులెన్ని, ఆస్తులెంత, అప్పులెంత, ఏం చదివాడు, ఐదేళ్ల ఐటీ రిటర్నుల్లో ఎంత చూపించాడు, భార్య పేరిట ఏముంది... అన్నీ రాయాలి. ఏదైనా కాలమ్ ఖాళీగా వదిలితే నోటీసిచ్చి నింపిస్తాం. గెలిస్తే ఏం చేస్తావు అనే కాలమ్ మాత్రం అందులో లేదు. మేం అడగం, అతను చెప్పడు.

న్యాయవాది: అడగకూడదు కూడా సార్. అభ్యర్థి ఆలోచనలకు మార్కులేసే పని ఆఫీసరు చేతికిస్తే కొంప మునుగుతుంది.

రిటైర్డ్ అధికారి: మార్కులెవరు వేయమన్నారు బాబూ? ఒక పేజీ రాసి సంతకం పెట్టమంటున్నా. ఆస్తుల లెక్కలాగే అదీ అందరూ చూసేలా పెడితే చాలు.

యాంకర్: దానికి మేనిఫెస్టో ఉంది కదా మేడమ్?

అధ్యాపకురాలు: మేనిఫెస్టో పార్టీదండీ, అభ్యర్థిది కాదు. విచిత్రమేమిటంటే మేనిఫెస్టోల చరిత్ర చెప్పేటప్పుడు తరచూ తలుచుకునేది ఒక అభ్యర్థి రాసిన ఉత్తరాన్నే. 1834 డిసెంబరులో బ్రిటన్ ప్రధాని రాబర్ట్ పీల్, తాను పోటీ చేసే టామ్‌వర్త్ ఓటర్లకు ఫలానా విషయంలో నా వైఖరి ఇదీ అని రాశాడు. అక్కణ్నుంచి నడిచి నడిచి, అభ్యర్థి ఫొటో ఒకచోట, విధానం ఇంకోచోట ఉండే కాలానికొచ్చాం.

యాంకర్: అంటే మన ఎమ్మెల్యే అభ్యర్థికి సొంత ఆలోచన ఉండదంటారా?

అధ్యాపకురాలు: ఉన్నా దాంతో ఏం చేసుకుంటాడు? 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. ఫిరాయింపులు ఆపాలన్న ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ ఇలాగే ఓటెయ్యాలని పార్టీ ఆదేశం, అంటే విప్, జారీ చేశాక సభలో దానికి వ్యతిరేకంగా ఓటేసినా, అసలు ఓటెయ్యకపోయినా సభ్యత్వం పోవచ్చు. పదిహేను రోజుల్లోగా పార్టీయే పోనీలే అంటే తప్ప. గుమ్మం ముందు నిలబడి "ఈ బిల్లును వ్యతిరేకిస్తా" అని అతను మాటిచ్చాడనుకోండి, నిలబెట్టుకోవాలంటే పదవి మీద ఆశ వదులుకోవాలి. అందుకే ఆ మాట ఇవ్వడు. రోడ్డు వేయిస్తాను, కాలువ తవ్విస్తాను అంటాడు. రోడ్లకూ కాలువలకూ విప్ ఉండదు కదా!

న్యాయవాది: (నవ్వుతూ) అవి చాలావరకు పంచాయతీ, మున్సిపాలిటీల పని. 1992లో 73, 74 సవరణలు చేసి మరీ వాటికి రాజ్యాంగంలో చోటిచ్చాం. అయినా వార్డు మెంబరు ఇవ్వాల్సిన హామీ ఎమ్మెల్యే ఇస్తాడు, మనం చప్పట్లు కొడతాం.

రిటైర్డ్ అధికారి: ఇంకోటి ఉందండీ, ఎవరూ మాట్లాడరు. బీ ఫారం, ఇతనే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే కాగితం. పార్టీ గుర్తు కావాలంటే నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటిలోగా అది మా చేతికి అందాలి. రెండున్నరకు ఫోన్ పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరిగేవాళ్లను చూశాను. పక్కనే ఇంకొకాయన, ఆయన కూడా అదే పార్టీ, ఆయన చేతిలోనూ ఫోనే. తాను అభ్యర్థో కాదో తనకే తెలియనివాడు నియోజకవర్గానికి ప్రణాళిక ఎప్పుడు రాస్తాడు? ఉపసంహరణ గడువు ముగిశాక పోలింగ్‌కు చట్టం ప్రకారం కనీసం పద్నాలుగు రోజులుండాలి. అందులో చివరి 48 గంటలు సభలూ ఊరేగింపులూ బంద్. ఆ మిగిలిన రోజుల్లో ఎన్ని గడపలు తొక్కగలడు?

యాంకర్: మీకు బీ ఫారం గొడవ లేదు కదా సార్?

న్యాయవాది: లేదు. అందుకే ఉత్సాహంగా రెండు పేజీల కరపత్రం అచ్చేయించాను, ఏడు అంశాలతో. చాలామంది తీసుకుని మడిచి జేబులో పెట్టుకుని, "మీరు గెలుస్తారా?" అనడిగారు. అదొక్కటే ప్రశ్న. ఒకాయన మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని అక్కడే నిలబడి చదివారు. మూడో అంశం మీద వేలు పెట్టి, దీనికి డబ్బు రాష్ట్రం ఇవ్వాలా, మున్సిపాలిటీ ఇవ్వాలా అన్నారు. నాకు తెలీదు. లాయర్ని, అయినా తెలీదు. ఆ పూట ఇంకో ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు.

యాంకర్: డబ్బు మాట వచ్చింది కాబట్టి... హామీలకు లెక్క చెప్పాలన్న నిబంధన లేదా?

అధ్యాపకురాలు: ఉందీ, లేదూ. 2013 జులైలో సుబ్రమణ్యం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు, మేనిఫెస్టోలోని హామీలు ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్య కావంది. మార్గదర్శకాలు చేయమని ఎన్నికల సంఘానికి చెప్పింది. 2014 నుంచి ప్రవర్తనా నియమావళిలో ఒక భాగం చేరింది: హామీ ఎందుకిస్తున్నారో, డబ్బు ఎక్కణ్నుంచి తెస్తారో స్థూలంగా చెప్పాలని. "స్థూలంగా" అన్న మాట దగ్గరే అంతా జారిపోయింది. 2022 అక్టోబరులో సంఘం ఒక నమూనా పత్రం ప్రతిపాదించి, పార్టీల అభిప్రాయం అడిగింది.

రిటైర్డ్ అధికారి: అడగడం వరకే.

అధ్యాపకురాలు: నెదర్లాండ్స్‌లో 1986 నుంచీ పార్టీలు తమ కార్యక్రమాన్ని సీపీబీ అనే ప్రభుత్వ ఆర్థిక సంస్థకిచ్చి లెక్కలు కట్టించుకుంటున్నాయి. బలవంతమేమీ లేదు. ఆస్ట్రేలియాలో 2012లో పార్లమెంటరీ బడ్జెట్ ఆఫీసు పెట్టారు. ఎన్నికలయ్యాక పార్టీల హామీల ఖర్చెంతో అది నివేదిక వేస్తుంది.

న్యాయవాది: లెక్కలు కడితే సరిపోదు మేడమ్. లెక్క కుదిరే పనులే రాస్తారు, పెద్ద ఆలోచన పోతుంది. అప్పుడది గుమాస్తా చిట్టా అవుతుంది.

అధ్యాపకురాలు: ఆ భయం నాకూ ఉంది. కానీ ఎలాగూ అబద్ధమే కదా అని ఓటరు వదిలేయడం మీద ఇంకా పెద్ద భయం. 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో 12 దేశాల్లో 57 ఎన్నికల నాటి 20,000కు పైగా హామీలను చూశారు. అధికారంలోకొచ్చిన పార్టీలు, ముఖ్యంగా ఒంటరిగా ప్రభుత్వం నడిపినవి, తమ హామీల్లో చెప్పుకోదగ్గ భాగమే అమలు చేశాయని తేలింది. మన దేశం అందులో లేదు. ఉంటే ఏం తేలేదో!

యాంకర్: ఒక కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండీ. ఇంతసేపూ విన్నాను. రేపు వాళ్లు మా ఇంటికొస్తే నేను అడగాల్సింది ఏమిటి? ఒక్కటి చెప్పండి చాలు. ఐదు నిమిషాలు కూడా నిలబడరు.

రిటైర్డ్ అధికారి: ఇప్పుడున్న ఎమ్మెల్యేయే వస్తే, సభ ఎన్ని రోజులు జరిగింది, మీరు ఎన్ని రోజులు కూర్చున్నారు అని అడగండమ్మా.

న్యాయవాది: కొత్తవాడైతే, ఇచ్చిన హామీల్లో ఒకటి పట్టుకుని, ఇది ఎవరి డబ్బు, ఎవరి సంతకం కావాలి అని అడగండి.

కాలర్: ఆయన పక్కనుండే మనుషులు చెప్పేస్తారండీ, ఆయన నోరే విప్పడు.

యాంకర్: మేడమ్, ముప్పై సెకన్లున్నాయి.

అధ్యాపకురాలు: అలాగైతే వాళ్లని ఆగమనండమ్మా. ఓటు అడుగుతున్నది ఆయన కదా, ఆయన్నే...

యాంకర్: విరామం తీసుకోక తప్పట్లేదు.