అమ్మను చూసుకోవడాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?

(తెరపై: ‘అమ్మను నేనే చూసుకుంటున్నాను.’)

నమస్కారం. ఈ మాటను ఇంగ్లీషులో చెప్పమంటే కొందరు తడుముకుని ‘ఐ యామ్ సీయింగ్ మై మదర్’ అనేస్తారు. అమ్మను కలుస్తున్నానని చెప్పినట్టుంటుంది అది. వేళకు మందులేసి, లేపి కూర్చోబెట్టి, రాత్రంతా పక్కనే మేలుకునే మనిషి కష్టం అందులో ఎక్కడా వినిపించదు. అందుకే ఈ ఒక్క మాటైనా సరిగ్గా నేర్చుకోవాలి.

(తెరపై: ‘ఐ యామ్ లుకింగ్ ఆఫ్టర్ మై మదర్.’)

‘లుక్’ అంటే చూడు, ‘ఆఫ్టర్’ అంటే తర్వాత. మరి రెండూ కలిస్తే ‘తర్వాత చూడు’ కావాలి కదా అని టెన్షన్ పడకండి. మన భాషలోనూ ఇలాంటిదే ఉంది. ‘అమ్మను చూడు’ వేరు, ‘అమ్మను చూసుకో’ వేరు. చివర ‘కో’ చేరగానే కళ్లతో చేసే పని కాస్తా బాధ్యతగా మారిపోయింది. ఇంగ్లీషులో ఆ పని ‘ఆఫ్టర్’ చేస్తుంది. ఈ పోలిక పట్టుకుంటే ఇక బట్టీ పట్టాల్సిన పనే లేదు.

ఆ చిన్న మాట మారితే మాత్రం అర్థమే మారిపోతుంది. ‘లుకింగ్ ఫర్ మై సన్’ అన్నారనుకోండి, బాబు కనిపించడం లేదేమోనని ఎదుటివాళ్లు కంగారుపడతారు. ‘లుక్ ఫర్’ అంటే వెతకడం.

ఇంకొకటి. ఈ రెండు మాటల మధ్యలో ఏదీ దూర్చకూడదు. ‘లుక్ హర్ ఆఫ్టర్’ తప్పు, ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనాలి. మనుషులకే కాదు, మొక్కలకూ, పెంపుడు కుక్కకూ, ఎవరైనా కాసేపు అప్పగించిన బ్యాగుకూ ఇదే వాడతారు.

‘ఆ బిల్లు సంగతి నేను చూసుకుంటాలే’ అనే చోట మాత్రం ‘ఐ విల్ టేక్ కేర్ ఆఫ్ ఇట్’ బాగా నప్పుతుంది. ‘టేక్ కేర్ ఆఫ్’ మనుషులకూ సరిపోతుంది, పని చక్కబెట్టడానికీ సరిపోతుంది. ‘లుక్ ఆఫ్టర్’లో ఎక్కువగా వినిపించేది కనిపెట్టుకుని ఉండటం.

(తెరపై: ‘షి ఈజ్ వెల్ లుక్ట్ ఆఫ్టర్.’)

ఆమెను బాగా చూసుకుంటున్నారని అర్థం. ‘లుక్‌డ్’ కాదు, ‘లుక్ట్’ అని పలకాలి. చివరి ‘ఆఫ్టర్’ను చాలామంది మింగేస్తారు. అది లేకపోతే వాక్యం సగంలోనే ఆగిపోతుంది. నాతోపాటు ఒకసారి పైకి అనండి: షి ఈజ్ వెల్ లుక్ట్ ఆఫ్టర్.