పాత బిల్డింగ్ కనిపించగానే ఫోన్ తీయకండి, కాసేపు ఆగండి

[స్క్రీన్ మీద: పాత గడియారం టవర్ ఫొటో, పైకి పోయేకొద్దీ సన్నబడి వెనక్కి వాలినట్టు]

హాయ్ అందరికీ. ఈ ఫొటో చూడండి, నేనే తీశా. అక్కడ నిలబడి చూస్తే టవర్ నిటారుగా బ్రహ్మాండంగా ఉంది, ఇంటికొచ్చి చూసుకుంటే వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగుతున్నట్టు వాలిపోయింది. మీకూ జరిగే ఉంటుంది.

ఏం చేస్తామంటే తిన్నగా బిల్డింగ్ కాళ్ళ దగ్గరకెళ్ళి నిలబడతాం, మొత్తం ఫ్రేమ్‌లో పట్టట్లేదని ఫోన్ పైకెత్తుతాం. ఎత్తగానే లోపల వెలుగుని పట్టి ఫొటోగా మార్చే సెన్సర్ గోడకి సమాంతరంగా ఉండకుండా ఏటవాలుగా అయిపోతుంది, దాంతో నిలువు గీతలన్నీ పైకెళ్ళేకొద్దీ దగ్గరకొచ్చేస్తాయి. మరి తలెత్తి చూసినప్పుడు అలా అనిపించదేం అంటారా, గోడ నిటారుగానే ఉంటుందని మెదడుకి ముందే తెలుసు కాబట్టి అది సర్దేసుకుంటుంది, ఫొటోకి ఆ మొహమాటం లేదు.

[రోడ్డుకి అవతలి పక్కనుంచి అదే టవర్]

కాబట్టి వెనక్కి వెళ్ళండి. రోడ్డు దాటి అవతలికెళ్ళి, స్క్రీన్ మీద అడ్డం నిలువు గీతలు చూపించే గ్రిడ్ ఆన్ చేసుకుని, ఫోన్‌ని గోడలాగా నిటారుగా పట్టుకుని 2ఎక్స్‌లో తీయండి. ఎదురుగా ఉన్న మేడ మీదకి వెళ్ళనిస్తే ఇంకా మంచిది, అడిగితే చాలాసార్లు వెళ్ళనిస్తారు కూడా. వెనక్కి వెళ్ళే చోటే లేదనుకోండి, 0.5ఎక్స్‌లో ఫోన్ నిటారుగానే పట్టుకుని తీసేసి, కింద అనవసరంగా వచ్చిన రోడ్డంతా తర్వాత క్రాప్ చేసేయండి, గీతలు తిన్నగానే ఉంటాయి.

ఇది మన ఫోన్లతో వచ్చిన తలనొప్పేమీ కాదు. పారిస్‌లో యూజెన్ అట్జే అని ఒకాయన 1890ల చివర్నుంచి 1927లో పోయేదాకా ఆ ఊరి పాత వీధులు, మెట్లు, తలుపులు, షాపుల ముఖాలు ఫొటోలు తీస్తూనే ఉన్నాడు, పెద్ద చెక్క కెమెరా, 18×24 సెంటీమీటర్ల గాజు పలకలు, అవన్నీ మోసుకుని. ఆ కెమెరాలో కెమెరా వంచకుండా లెన్స్ ఒక్కదాన్నే పైకి జరపొచ్చు. అయితే మరీ ఎక్కువ జరిపితే లెన్స్ వేసే వెలుగు పలక చివరిదాకా చాలదు, అందుకే ఆయన ఫొటోల్లో కొన్నిట్లో పై మూలలు గుండ్రంగా నల్లగా ఉంటాయి. లోపమే, కానీ నాకెందుకో ఆ నల్ల మూలలంటే ఇష్టం, బిల్డింగ్ నిటారుగా రావాలని మనిషి ఎంత తంటాలు పడ్డాడో అక్కడే కనిపిస్తుంది.

ఎడిటింగ్ యాప్‌లో పర్‌స్పెక్టివ్, అంటే ఇలా వాలిన గీతల్ని సరిచేసే స్లైడర్ ఉంది కదా అంటారు, ఉంది, వాడండి, కానీ ఆటో బటన్‌ని గుడ్డిగా నమ్మొద్దు. పీసా టవర్ నిజంగానే సుమారు 4 డిగ్రీలు వంగి ఉంది, తాజ్‌మహల్ నాలుగు మినార్లూ కొద్దిగా బయటికి వాలేలాగే కట్టారు. యాప్‌కి అవన్నీ తెలీవు.

[ఒకే గోడ రెండుసార్లు: మిట్టమధ్యాహ్నం, తర్వాత సాయంత్రం]

ఇప్పుడు వెలుతురు సంగతి. నియెప్స్ అని ఫొటోగ్రఫీ కనిపెట్టినవాళ్ళలో ఒకాయన 1826-27 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో తన ఇంటి పైఅంతస్తు కిటికీలోంచి తీసిన ఫొటో ఉంది, కెమెరాతో తీసినవాటిలో ఇప్పటిదాకా మిగిలినవాటిలో అదే అన్నిటికన్నా పాతది, అందులో ఉన్నవీ బిల్డింగులే. గమ్మత్తేంటంటే ఎండ రెండు వైపులా గోడల మీదా పడుతున్నట్టుంటుంది. ఒక్క ఫొటోకే గంటలకి గంటలు పట్టింది, ఈలోగా సూర్యుడు ఇటునుంచి అటు వెళ్ళిపోయాడు.

మనం చేయాల్సింది దాదాపు అదే, ఒక్క ఫొటోలో కాకుండా రెండు మూడు విజిట్లలో. తూర్పు ముఖం అయితే పొద్దున్నే, పడమర ముఖం అయితే సాయంత్రం, అది కంపాస్ చూస్తే తెలిసిపోతుంది. ఎండ అస్సలు పడని ముఖాలకి మబ్బు పట్టిన రోజే బెస్ట్. రాత్రి లైట్లు కావాలంటే మాత్రం పూర్తిగా చీకటి పడకముందే తీసేయండి, ఆకాశంలో ఇంకా నీలం ఉండాలి.

కానీ నన్నడిగితే అసలు మజా గోడని రాసుకుంటూ పక్కనుంచి ఎండ పడే ఆ కాసేపే. ఈ గోడ చూడండి. మధ్యాహ్నం చూస్తే సున్నం కొట్టిన ఉత్త గోడ. సాయంత్రం అదే గోడ మీద మనిషంత ఎత్తున ఒక దీర్ఘచతురస్రం అంచులు సన్నటి నీడతో తేలాయి, దాని పైన ఆర్చ్ ఇటుకల వంపు కూడా లీలగా. ఒకప్పుడు అక్కడ కిటికీ ఉండేది, ఎప్పుడో మూసేశారు. కింద మెట్లు చూడండి, మధ్యలో కన్నా చేతికడ్డీ ఉన్న వైపే ఎక్కువ అరిగాయి, అంటే జనం కడ్డీ పట్టుకునే ఎక్కారన్నమాట. ఇవి గైడ్ బోర్డు మీద ఉండవు, ఫోన్ జేబులో పెట్టుకుని పది నిమిషాలు చుట్టూ తిరిగితేనే కళ్ళకి ఆనతాయి.

ఇంకోటి, వైర్లు, బోర్డులు, ముందు పార్క్ చేసిన బళ్ళు వీటన్నిటినీ ఏఐతో చెరిపేస్తున్నారు ఈమధ్య. ఒక కాపీ అలా చేసుకోండి, ఒరిజినల్ మాత్రం ఉంచండి. ఇరవై ఏళ్ళ తర్వాత ఫొటో ఎప్పటిదో చెప్పేది ఆ బళ్ళూ బోర్డులే.

[ఫొటోలు వరసగా: తలుపు గొళ్ళెం, కిటికీ ఊచలు, రంగుటద్దం ముక్క]

చివరగా నా బుద్ధితక్కువ పని ఒకటి. ఇవన్నీ ఒకే బిల్డింగువి. గొళ్ళేలు, ఊచలు, అద్దాలు, ఆర్ట్ ఫొటోలని ఫీలవుతూ నలభై దాకా తీశా. కొన్నాళ్ళకి దాన్ని పడగొట్టేశారు. అందులో చిన్నప్పుడు ఉన్నామని ఒకావిడ ఫొటోలు అడిగితే అన్నీ పంపా, చూసుకుని ఒకటే అడిగింది, "బాబూ, పైన బాల్కనీ కనబడేలా మొత్తం ఇల్లు ఒక్కటీ లేదా?"

లేదు. ఒక్కటీ లేదు.

అందుకే ఇప్పుడు ఎక్కడికెళ్ళినా ముందు రోడ్డు అవతల నిలబడి, బిల్డింగ్ మొత్తం వచ్చేలా, చూడ్డానికి ఏ ప్రత్యేకతా లేని బోరింగ్ ఫొటో ఒకటి తీస్తా. గొళ్ళెం దగ్గరికి ఆ తర్వాతే.