ఆఖరి బండిని చూసుకుంటూ అరకు దాకా

శ్రోతలకు నమస్కారం.

విశాఖపట్నం నుంచి అరకుకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట (ఎస్.కోట) దాకా దాదాపు చదునే. బౌడారా దాటాక కొండ మొదలవుతుంది. తైడ, అనంతగిరి మీదుగా గాలికొండ ఎక్కి, అక్కణ్ణించి సుంకరమెట్ట వైపు లోయలోకి దిగుతాం. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. గాలికొండ దానికన్నా పైన ఉంది కాబట్టి వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ ఎక్కుడు, దిగుడు రెండూ ఉంటాయి. వానలు తగ్గిన దగ్గర్నుంచి ఆదివారాల్లో మోటారుసైకిల్ క్లబ్బులు ఈ దారి పడతాయి. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే ఆ రైడ్‌ను సరిగ్గా ఎలా నడపాలో ఈవేళ చెప్పుకుందాం.

పన్నెండు బళ్లు బయల్దేరుతున్నాయనుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. బండికీ బండికీ రెండు సెకన్ల ఎడం వదిలితే 33 మీటర్లు. పన్నెండు బళ్ల వరస 360 మీటర్లు దాటుతుంది. అంత పొడుగు వరసను వెనక నుంచొచ్చే బస్సు ఘాట్‌లో దాటలేదు. దాటబోయి మధ్యలో దూరుతుంది. అందుకే ఆరేసి బళ్లు చొప్పున రెండు జట్లు చేసి, జట్ల మధ్య కనీసం ఒక కిలోమీటరు వదలాలి. చదును రోడ్డు మీద ఒకరు లేన్‌లో కుడివైపు, తర్వాతి వారు ఎడమవైపు, ఇలా అటూ ఇటూగా నడవచ్చు. కొండ మొదలవగానే ఒకరి వెనక ఒకరే. మలుపులో ఎవరి జాగా వాళ్లకు పూర్తిగా కావాలి.

జట్టులో ముందు బండి దారి తెలిసినవారిది. దాని వెంటనే కొత్తవాళ్లు ఉండాలి. చాలా క్లబ్బుల్లో కొత్తవాళ్లను వెనక్కి నెడతారు, అది పొరపాటు. ముందు బండి మలుపులో 30కి తగ్గి, బయటపడగానే 60కి పెంచుతుంది. అప్పటికి ఆఖరి బండి ఇంకా మలుపులోనే ఉంటుంది. అందుకోవాలంటే దానికి 80 కావాలి. కొత్తవాణ్ణి ఆ చోట పెడితే తన చేతకు మించిన వేగంలో తర్వాతి మలుపుకు చేరతాడు. ఘాట్‌లో జట్టు రైడ్‌లు చెడేది ఎక్కువగా ఇక్కడే. ఆఖరి బండి జట్టులో అందరికన్నా నిదానస్తుడు, పనిముట్లు పట్టడం తెలిసినవాడు అయి ఉండాలి. వెనక మనిషి ఉన్న బళ్లు మధ్యలో నడవాలి.

ఘాట్‌లో చాలాచోట్ల ఫోను పలకదు. అందుకని అద్దమే ఆధారం. ప్రతి ఒక్కరూ తన వెనక బండి ఒక్కటి కనిపిస్తోందా అని చూసుకుంటే చాలు. కనబడకపోతే వేగం తగ్గించాలి. అది చూసి ముందరి బండీ తగ్గిస్తుంది, అలా కబురు మొదటి బండిదాకా చేరుతుంది. బొర్రా గుహలకు దారి చీలేచోట కొత్తవాళ్లది కాని ఒక బండి ఆగి, ఆఖరి బండి వచ్చేదాకా చెయ్యి చూపిస్తూ నిలబడాలి.

బండి తనిఖీ ముందురోజు సాయంత్రమే అయిపోవాలి. గాలి మాత్రం పొద్దున, టైరు చల్లగా ఉండగా చూడాలి. ఎంత పట్టాలో బండి మీది స్టిక్కరు చెబుతుంది, వెనక మనిషి ఉంటే వెనక టైరుకు ఎంత పెంచాలో కూడా అందులోనే ఉంటుంది. చైను కింది వరసను మధ్యలో వేలితో పైకి నొక్కితే చాలా బళ్లకు 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. మరీ బిగిస్తే గుంటలో పడ్డప్పుడు చైను ఇంకా బిగుసుకుని బేరింగులను లాగేస్తుంది. వదులైతే ఎక్కుడులో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తిప్పినప్పుడు పళ్ల మీంచి జారుతుంది. క్లచ్ లివర్ కొసన సుమారు 10 మిల్లీమీటర్లు ఖాళీగా ఆడాలి. ఆ ఖాళీ లేకపోతే కొండ ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది కానీ బండి కదలదు, కాలిన వాసన వస్తుంది. మలుపుమలుపుకీ సగం క్లచ్ పట్టుకుని నడిపినా అదే జరుగుతుంది.

జట్టుకో సంచి ఉండాలి. అందులో క్లచ్ కేబుల్, స్పార్క్ ప్లగ్, ఫ్యూజులు, చైను లింకు, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్టు, కాలి పంపు, ఇన్సులేషన్ టేపు, ప్రథమ చికిత్స సామాను పెట్టుకోండి. పుల్లల చక్రాల బళ్లకు ట్యూబు కావాలి. ముందు 19 అంగుళాలు, వెనక 18 ఉండే బండికి రెండు సైజులూ, వాటితోపాటు టైరు లివర్లూ కావాలి. పెట్రోలు ఎస్.కోటలో నింపుకోండి, ఎక్కుడులో మైలేజీ పడిపోతుంది. హెల్మెట్ ఐఎస్‌ఐ గుర్తున్నదై ఉండాలి, వెనక కూర్చున్నవారికి కూడా.

ఇక మలుపుల సంగతి. హెయిర్‌పిన్ మలుపు రాకముందే, బండి నిటారుగా ఉండగానే, బ్రేకు వేసి రెండో గేరులోకి దిగండి. బరువుంటే మొదటి గేరు. వంగాక ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు. చూపు మలుపు చివరికి పోవాలి, చూపు ఎటుంటే బండీ అటే పోతుంది. ఎడమకు తిరిగే ఎక్కుడు మలుపులో లోపలి అంచు బాగా వాలుగా ఉంటుంది. అక్కడ ఇంజన్ ఆగిపోతే, కిందకు పెట్టిన ఎడమకాలికి నేల అందదు. 190 కిలోల బండి అటే ఒరుగుతుంది. అందుకే ఆ మలుపులో అంచుకు అంటుకోకుండా మన సగం మధ్యలోంచి తిరగాలి. రోడ్డు నడిమి గీత మీదికి మాత్రం పోవద్దు. ఎదురొచ్చే బస్సు తిరిగేటప్పుడు దాని ముక్కు ఆ గీత దాటి వస్తుంది. హారన్ వినపడితే మలుపుకు ముందున్న తిన్నని ముక్కలోనే ఎడమకు ఆగి, బస్సును పోనివ్వండి. ఇరుకు కొండదారిలో ఎక్కే బండికే ముందు దారి అని నిబంధనే, అయినా బస్సుతో పంతం వద్దు. మనం దిగేటప్పుడైతే మనమే ఆగాలి.

మలుపు లోపలి భాగంలో తడి రోడ్డు మీద ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే అది లారీ ట్యాంకులోంచి చిందిన డీజిలు. దాని మీద వంగినా, బ్రేకు వేసినా టైరు నిలవదు. నిటారుగా, వేగం మార్చకుండా దాటాలి. రోడ్డు పనులు జరిగినచోట చెదిరిన కంకర కూడా అంతే. గాలికొండ దగ్గర మంచు కమ్ముకుంటే హెల్మెట్ అద్దం లోపల ఆవిరి పడుతుంది. ఒక్క మెట్టు ఎత్తి ఉంచండి, తేటపడుతుంది.

సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద ఎర్రబడిన కాఫీ పళ్లు. నవంబరు, డిసెంబరుల్లో పసుపుపచ్చగా విరబూసిన వలిసె చేలు. ఆగి చూడాల్సిందే. కానీ మలుపులో కాదు, అన్ని బళ్లూ రోడ్డు దిగి ఒకే పక్కన నిలిచే జాగాలోనే ఆగండి. వలిసె గిరిజన రైతు నూనెగింజల పంట. ఫొటో కోసం చేలో దిగేముందు అడగండి, మొక్కలు తొక్కకండి. కోతులకు తిండి పెట్టకండి, దానికి అలవాటు పడ్డ కోతులు బండి చప్పుడు వింటే రోడ్డెక్కుతాయి.

డిసెంబరులో విశాఖ ప్రాంతంలో సాయంత్రం దాదాపు ఐదున్నరకే సూర్యాస్తమయం. కొండ నీడలో ఇంకా ముందే చీకటి పడుతుంది. అందుకే పొద్దున ఐదున్నరకు బయల్దేరి, పదికల్లా అరకు చేరి, మధ్యాహ్నం రెండుకల్లా తిరుగుముఖం పట్టాలి. భోజనం మితంగా చేయండి. బొంగు చికెన్ నిండా తిని ఘాట్ దిగితే కళ్లు మూతలు పడతాయి.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. ఇంజన్ పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో వదిలితే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. డ్రమ్ బ్రేకైతే వేడెక్కి పట్టు తప్పుతుంది. డిస్క్ బ్రేకైతే అందులోని ఆయిల్ పాతబడి తేమ పీల్చుకుని ఉంటే త్వరగా మరుగుతుంది. ఆవిరి బుడగలు పుట్టి, లివర్ మొదట స్పాంజిలా మెత్తబడి, తర్వాత హ్యాండిల్‌ను తాకుతుంది. రెండేళ్లకోసారి ఆ ఆయిల్ మార్చమనేది అందుకే. లివర్ మెత్తబడిందని తెలియగానే గేరు తగ్గించి, కొండ వైపు జాగా చూసి ఆగండి. ఇరవై నిమిషాలు వదిలేయండి. కాలిన డిస్క్ మీద నీళ్లు పోయకండి, వంకర తిరుగుతుంది. బ్రేకును అదేపనిగా నొక్కి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా వేసి పూర్తిగా వదిలేస్తే డిస్క్‌కు చల్లారే వ్యవధి దొరుకుతుంది.

ఎవరైనా పడితే మొదట ఒకరు పై మలుపు దగ్గరికి, ఒకరు కింది మలుపు దగ్గరికి పరిగెత్తి వాహనాలను ఆపాలి. తర్వాతే మనిషి దగ్గరికి వెళ్లండి. మెడ కదపకండి. ఊపిరి ఆడుతూ ఉంటే హెల్మెట్ లాగేయకండి. సిగ్నల్ ఉన్నచోటికి ఒకరు వెళ్లి 108కి ఫోన్ చేసి, దగ్గరి ఊరు, కిలోమీటరు రాయి మీది అంకె చెప్పాలి.

మళ్లీ ఎస్.కోటలో అందరూ ఆగండి. ముందు జట్టు, వెనక జట్టు, ఆఖరి బండి. పన్నెండూ వచ్చాయా లెక్క చూసుకోండి, ఆ తర్వాత టీ చెప్పండి.

నమస్కారం.