సీఎంతో ఫోటో, ఇంటి పేరు: ‘పుష్ప 2’ లోపలి కథ

[స్క్రీన్ మీద: పెళ్లి శుభలేఖ. ఇంటి పేరు దగ్గర కెమెరా ఆగుతుంది.]

మన ఊళ్లలో కొత్త మనిషి కనబడితే పేరు తర్వాత అడిగేది ఒకటే. “ఇంటి పేరేంటి బాబూ?” ఆ ఒక్క మాటతో వంశం, చాలాసార్లు కులం కూడా తెలిసిపోతాయి. ‘పుష్ప’ సినిమాల హీరో, ఎర్రచందనం స్మగ్లర్ పుష్పరాజ్ దగ్గర దానికి జవాబు లేదు. 2021లో వచ్చిన మొదటి భాగంలో, చిన్నప్పుడే తండ్రి ఇంటి పేరు ‘మొల్లేటి’ అని చెప్పుకోనివ్వకుండా సవతి అన్న అడ్డుపడ్డాడు. 2024 డిసెంబరు 5న వచ్చిన ‘పుష్ప 2: ది రూల్’ మొత్తం ఆ గాయం మీదే నడుస్తుందని నాకనిపిస్తుంది. కథ చివరిదాకా మాట్లాడుకుంటాం కాబట్టి సినిమా చూడనివాళ్లు చూసొచ్చాక వినండి.

[ఫోటో సీన్ స్టిల్]

పుష్ప భార్య శ్రీవల్లి అడిగింది చిన్న కోరిక. సీఎంను కలుస్తున్నావు కదా, ఒక ఫోటో దిగి రా అంది. స్మగ్లర్ పక్కన ఫోటో కుదరదన్నాడు సీఎం. అంతే, తనకు అనుకూలమైన నాయకుడు సిద్దప్ప నాయుడిని ఆ కుర్చీలో కూర్చోబెట్టే పనిలో పడ్డాడు పుష్ప. వింటే అతిగా ఉంటుంది. కానీ నాయకుడితో దిగిన ఫోటోకి ఫ్రేము కట్టించి హాల్లో ఎందుకు తగిలిస్తాం? పెద్దవాళ్లు మనల్ని పక్కన నిలబెట్టుకున్నారని పదిమందికీ తెలియాలని. అన్న ఇవ్వనిది, సీఎం ఇవ్వనిది ఆ మర్యాదే. డబ్బు పోస్తే సీఎం మారాడు. ఇంటి పేరు మాత్రం ఎంత పోసినా రాలేదు.

[జాతర స్టిల్, డప్పుల శబ్దం]

ఇక జాతర. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టి మొక్కు తీర్చుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడిని వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషం కట్టిందని, దొర వేషంలో వాడిని పట్టి చంపిందని అక్కడివాళ్లు చెప్పుకునే కథ. సినిమాలో పుష్ప చీర కట్టి అమ్మవారిని కోరేది కూతురిని. కొడుకైతే తనలాగే ఇంటి పేరు లేక తలదించుకోవాలి, కూతురైతే పెళ్లితో మరో ఇంటి పేరు వస్తుంది. ‘తగ్గేదే లే’ అన్న మనిషి నోట ఆ కోరిక వింటే గుండె పట్టేసింది. అయితే చివర్లో అన్న వచ్చి కుటుంబంలోకి పిలిస్తేనే కథ ముగియడం నాకు నచ్చలేదు. కని పెంచిన తల్లి పార్వతమ్మ పేరు ఎందుకు సరిపోలేదు?

[శేషాచలం కొండలు, నిశ్శబ్దం]

ఇంకో లోటు కూడా ఉంది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో ఎర్రచందనం స్మగ్లింగ్‌ను అడ్డుకునే పోలీసు టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడువాళ్లు; ఎర్రచందనం దుంగలు నరికే కూలికి వచ్చారని పోలీసులు చెప్పారు. మొదటి భాగంలో పుష్ప కూడా అలాంటి కూలీగానే అడవిలో అడుగుపెట్టాడు. రెండో భాగానికి వచ్చేసరికి ఆ కూలీలు హీరో వెనక నిలబడే గుంపయ్యారు. వాళ్లలో ఎవరి ఇంటి గొడవా కథలోకి రాలేదు.