లాగిన్ అవుతుంది, ఫోల్డరు తెరుచుకోదు

అందరికీ నమస్కారం. కర్నూలు స్టూడియోల వాళ్లు, ఆల్బమ్‌లు ప్రింటు చేసే ల్యాబుల వాళ్లు ఇద్దరూ ఉన్నారు కాబట్టి నేరుగా గొడవలోకే వస్తాను. ల్యాబుకు షీట్లు పంపాలని ఫైల్‌జిల్లా (ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్) తెరుస్తారు. లాగిన్ అయిందని పడుతుంది. తర్వాత 20 సెకన్లు ఉలుకూ పలుకూ ఉండదు. ఆపైన ఎర్ర అక్షరాల్లో ‘ఫెయిల్డ్ టు రిట్రీవ్ డైరెక్టరీ లిస్టింగ్’. వెంటనే ల్యాబుకు ఫోన్ చేసి పాస్‌వర్డు మార్చమంటారు. పాస్‌వర్డు తప్పయితే 530 అని గడప దగ్గరే ఆపేస్తుంది. లోపలికి వచ్చాక ఆగిందంటే అది దారి సమస్య.

ఫైల్‌జిల్లా ఫైళ్లు పంపే పద్ధతి పేరు ఎఫ్‌టీపీ. దానికి ఒక కనెక్షన్ చాలదు, రెండు కావాలి. మాటలకు 21వ పోర్టు (పోర్టు అంటే కంప్యూటర్‌కు నంబరున్న తలుపు). ఫైళ్లకూ, చివరికి ఫోల్డరు జాబితాకూ ప్రతిసారీ వేరే కనెక్షన్. సుంకేసుల దగ్గర కేసీ కాలువకు నీళ్లు వదిలినా మన చేను పక్క పిల్లకాలువ పూడిపోయి ఉంటే మడి తడవదు కదా, ఇదీ అంతే. 21 తెరిచి పని అయిపోయిందనుకుంటాం.

యాక్టివ్ మోడ్‌లో ఆ రెండో కనెక్షన్‌ను సర్వరే (ఫైళ్లు అందుకునే ల్యాబు కంప్యూటర్) మీ కంప్యూటర్‌కు తిరిగి వేస్తుంది. బయటి నుంచి వచ్చేదాన్ని మీ రౌటరు రానివ్వదు. అందుకే ప్యాసివ్ వాడతాం. అందులో రెండో కనెక్షన్‌నూ మీ కంప్యూటరే వేస్తుంది, సర్వరు ‘ఫలానా చోటికి రా’ అని 227 నంబరుతో జవాబిస్తుంది. ఆ లైనే అసలు సాక్ష్యం, చదవడం నేర్చుకోండి. బ్రాకెట్లలో ఆరు సంఖ్యలుంటాయి: 192,168,1,10,156,64. మొదటి నాలుగూ చిరునామా. అయిదోదాన్ని 256తో హెచ్చించి ఆరోది కలిపితే పోర్టు: 156 ఇంటూ 256 అంటే 39936, దానికి 64 కలిపితే 40000.

ఇందులో రెండు తప్పులు దొరుకుతాయి. ఒకటి, 192.168 అనేది ల్యాబు లోపలి చిరునామా. నంద్యాల చెక్‌పోస్టు దగ్గరున్న స్టూడియోకు దాంతో పనేముంది? ఫైల్‌జిల్లా తెలివిగా దాన్ని పక్కనబెట్టి, తాను మొదట కనెక్ట్ అయిన చిరునామానే వాడుకుంటుంది. ఆ తెలివి లేని పాత సాఫ్ట్‌వేర్, డీవీఆర్‌లు అక్కడే చతికిలబడతాయి. ‘నా దగ్గర వస్తోంది, వాళ్ల దగ్గర రావట్లేదు’ అనే తగాదా చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. రెండు, ఆ 40000 పోర్టు ఫైర్‌వాల్‌లో (బయటి కనెక్షన్లను ఆపే కాపలా) మూసి ఉండటం.

సరిచేయాల్సింది ల్యాబు వైపు. ఫైల్‌జిల్లా సర్వర్‌లో ప్యాసివ్ మోడ్ పేజీకి వెళ్లి పోర్టుల శ్రేణి 40000 నుంచి 40050 అని ఇవ్వండి. 50000 ఎందుకు వద్దంటే, విండోస్ తన సొంత కనెక్షన్లకు 49152 నుంచి పైన పోర్టులు తీసుకుంటుంది, అక్కడ ఢీకొనే అవకాశముంది. అయిదారు పోర్టులతో సరిపెట్టకండి. ఒక్కో ఫైలుకు ఒక్కో కొత్త కనెక్షన్, వాడిన పోర్టు కాసేపు ఖాళీ కాదు. 40 షీట్ల ఆల్బమ్ పంపితే మధ్యలో 425 (రెండో కనెక్షన్ తెరవలేను) అని ఆగుతుంది. అదే పేజీలో పబ్లిక్ ఐపీ (ల్యాబుకు ఇంటర్నెట్‌లో ఉన్న బయటి చిరునామా) కూడా రాయండి.

తర్వాత విండోస్ ఫైర్‌వాల్‌లో ఇన్‌బౌండ్ రూల్: టీసీపీ, 21, 40000-40050, అలౌ. మీ నెట్‌వర్క్ పబ్లిక్‌గా నమోదై ఉండి రూలు ప్రైవేటుకే టిక్ చేస్తే అది ఉన్నా లేనట్టే. ఇవే పోర్టులను రౌటర్లో సర్వరు కంప్యూటర్‌కు ఫార్వర్డ్ చేయండి. ఆ కంప్యూటర్ లోపలి ఐపీ మారకుండా రిజర్వ్ చేయండి, లేకపోతే కరెంటు పోయి వచ్చాక మళ్లీ మొదటికే.

‘ఫైర్‌వాల్ ఆఫ్ చేస్తే పోలేదా అన్నా’ అంటారు. రౌటరు మూసి ఉంటే ఆఫ్ చేసినా లాభం లేదు, పైగా షేర్ చేసిన ఫోల్డర్లన్నీ బట్టబయలు.

ఇన్నాళ్లూ బాగా నడిచి, టీఎల్ఎస్ (మధ్యలో ఎవరూ చదవకుండా ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) పెట్టగానే ఆగిందా? కొన్ని రౌటర్లు 227 జవాబును చదివి, చిరునామాను గుట్టుగా దిద్దుతుంటాయి. ఎన్‌క్రిప్ట్ అయ్యాక అవి చదవలేవు. టీఎల్ఎస్ తీసేయకండి, పబ్లిక్ ఐపీ సరిగ్గా రాయండి.

రౌటరు వాన్ (బయటి ఇంటర్నెట్ వైపు) పేజీలో ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ ఫార్వర్డింగ్ అంతా వృథా. ఒకే పబ్లిక్ ఐపీని ప్రొవైడరు చాలామందికి పంచుతున్నాడన్నమాట, స్టాటిక్ ఐపీ అడగండి.

పరీక్ష మాత్రం ల్యాబు వైఫై మీద చేయకండి. లోపలి నుంచి సొంత పబ్లిక్ ఐపీకి పోవడానికి చాలా రౌటర్లు ఒప్పుకోవు, అన్నీ సరిగ్గా ఉన్నా తప్పే చూపిస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్‌కు ల్యాప్‌టాప్ కలిపి, ముందు ఒక చిన్న ఫైలు, తర్వాత ఒక ఫోల్డరు నిండా షీట్లు పంపి చూడండి.