మా ప్రాజెక్ట్ పాటకి నేనే రివ్యూ ఇస్తున్నా, కాస్త ఓపిక పట్టండి

అందరికీ నమస్తే. ఈసారి సినిమా పాట జోలికి పోవట్లేదు. మేమే తీసిన పాట, డిగ్రీ ఫైనలియర్‌లో గ్రూప్ ప్రాజెక్ట్ అని శ్రీకాకుళం చుట్టుపక్కల తిరిగి తీసిన మ్యూజిక్ వీడియో, నాలుగు నిమిషాల పది సెకన్లు. ఏడుగురం, మూడు ఫోన్లు, ఒక బ్లూటూత్ స్పీకర్. ఎడిటింగ్ నాది కాబట్టి తిట్టే హక్కు కూడా నాకే ఎక్కువ. జూనియర్లు అడుగుతున్నారు, మేమూ తీస్తాం అన్నా ఏం చూసుకోవాలి అని. ఇదిగో, ప్లే చేసి ఆపుతూ చెప్తా.

మొదటి షాట్ కళింగపట్నం బీచ్. లైట్‌హౌస్ వెనకాల మబ్బులు, బాగానే ఉంది కదా? కానీ ఇది మేం అనుకున్న షాట్ కాదు. స్క్రిప్ట్‌లో మావాడు "సముద్రంలో సూర్యుడు అస్తమిస్తూ ఉంటాడు" అని రాశాడు. పుట్టి పెరిగింది ఈ జిల్లాలోనే, అయినా రాశాడు. మేం ఏడుగురం చదివాం, ఒక్కడికీ వెలగలేదు. సాయంత్రం నాలుగున్నరకి ఆటో దిగి సముద్రం వైపు కెమెరా పెట్టాక చూస్తే సూర్యుడు మా వీపు వెనక ఊళ్ళ వైపు దిగిపోతున్నాడు. మనది తూర్పు తీరం, నీళ్ళ మీద సూర్యుడు కావాలంటే తెల్లవారుజామున లేవాల్సిందే.

ఇక్కడ ఆపుతున్నా, 0:52. పాట పాడుతున్నవాడి నోరు చూడండి. పాటకి నోరు కొంచెం వెనకపడుతోంది. చూసేవాళ్ళకి ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది గానీ, ఏంటో చెప్పలేరు. నేను రెండు రాత్రులు దీని మీదే కూర్చున్నా, ఫోన్ పాడైందనుకున్నా, ఎడిటింగ్ యాప్‌ని తిట్టుకున్నా. అసలు సంగతేంటంటే వాడు విని పాడడానికి పాట వేసిన స్పీకర్ కెమెరా పక్కన పెట్టాం, వాడు అలల దగ్గర నలభై ఐదు మీటర్ల దూరంలో ఉన్నాడు. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు వెళ్తుంది, అంటే పాట వాడి చెవికి చేరడానికి సెకనులో ఎనిమిదో వంతు పైనే పట్టింది. సెకనుకి 25 ఫ్రేములు, అంటే 25 బొమ్మలు, తీస్తే ఒక్కో ఫ్రేమ్ 40 మిల్లీసెకన్లు, లెక్కేయండి, మూడు ఫ్రేములు దాటింది. వాడు పాపం విన్నది విన్నట్టే పాడాడు. ఎడిట్‌లో ఆ షాట్‌ని మూడు ఫ్రేములు ముందుకి లాగితే సరిపోయేది, నాకప్పుడు తెలీదు. దూరం షాట్లు తీసేటప్పుడు స్పీకర్ పాడేవాడి కాళ్ళ దగ్గర దాచండి, ఎడిట్‌లో ఫోన్‌లో రికార్డైన శబ్దాన్ని నమ్మకుండా పెదాలు చూసి జరపండి.

1:20, ఈ స్లో మోషన్ మాత్రం నాకిష్టం. అలలు నెమ్మదిగా ఎగురుతున్నాయి, పెదాలు మాత్రం పాటకి కరెక్ట్‌గా కదులుతున్నాయి. దీనికి పాటని రెండింతల స్పీడులో వేసి, వాడి చేత అదే స్పీడులో పాడించి, సెకనుకి 50 ఫ్రేములు తీశాం. తర్వాత 25కి దించితే పాట మామూలు వేగానికి వచ్చేస్తుంది. పక్కన వల బాగుచేసుకుంటున్న వాళ్ళు పని ఆపేసి మరీ నవ్వారు. "ఏటిరా, దెయ్యం గానీ పట్టీసిందేటి?" అన్నాడొకాయన. తొమ్మిదో టేక్ ఓకే.

క్లాస్‌రూమ్ సీన్ గురించి ఎక్కువ చెప్పను, గోడ మీద నల్ల చారలు పాకుతున్నాయి చూశారుగా. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత ట్యూబ్‌లైటు సెకనుకి వందసార్లు మిణుకుతుంది, ఫోన్ 30 ఫ్రేముల ఆటోలో ఉండిపోయింది. 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేమ్‌కి వెలుగు తీసుకునే టైం) సెకనులో యాభయ్యో వంతు పెట్టుంటే ఆ మిణుకుతో కలిసిపోయి చారలు పోయేవి. శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల దగ్గర కూడా తీద్దామనుకున్నాం, అది ఆర్కియాలజీ వాళ్ళ రక్షిత స్థలం, షూటింగ్‌కి ముందే అనుమతి తీసుకోవాలని అక్కడికెళ్ళాక తెలిసింది. దిగొచ్చేశాం.

ఇప్పుడు అసలు విషయం. 2:47. కనబడ్డాడా ఆ పెద్దాయన? మళ్ళీ వేస్తా. నాలుగు సెకన్లు, అంతే.

మా పాట బీట్ మొత్తం ఆయనదే. టీమ్‌లో ఒకమ్మాయి వాళ్ళ మావయ్యది తప్పెటగుళ్ళ బృందం. రేకు తప్పెట రొమ్ముకి కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు వేసుకుని రెండు చేతులతో వాయిస్తూ ఎగురుతారు, గంగమ్మ పాటలు పాడతారు, మన వైపు తెలియనివాళ్ళుండరు. వాళ్ళ ఊరెళ్ళి పశువుల శాల ముందు రికార్డు చేశాం. నేను ఫోన్ తీసుకెళ్ళి తప్పెటకి మూరెడు దూరంలో పెట్టా, మొదటి దెబ్బకే సౌండ్ చిట్లిపోయింది. అలా చిట్లిన సౌండ్‌ని తర్వాత ఏ యాప్ పూర్తిగా బాగుచెయ్యలేదు. ఆయన ఆపి, ఒకసారి విని, "ఆ కల్లం కాడికెళ్ళి ఎట్టు బాబూ, ఇది ఎదురుగా ఇనేది కాదు" అన్నాడు. ఇరవై అడుగులు వెనక్కెళ్ళి పెట్టా. మీరు వింటున్నది ఆ టేకే, గజ్జెలు విడిగా, తప్పెట విడిగా వినిపిస్తున్నాయి చూడండి. అరవై దాటిన మనిషి, మూడు నిమిషాలు ఎగిరాక కూడా ఆయాసం పాటలో పడనివ్వలేదు.

మరి వీడియోలో ఏం చేశాం? జీన్స్ వేసుకున్న మావాడు రెండు నిమిషాలు డాన్స్ చేశాడు. ఆయన్ని "ఫోక్ టచ్" అని నాలుగు సెకన్లు పెట్టాం. ఆ కట్ చేసింది నేనే, ఎవరి మీదా తోసెయ్యను. ప్రదర్శన రోజు ఆయన ఆటోలో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. అయిపోయాక నా భుజం తట్టి, "బాగుంది బాబూ. వాయింపు మాది, ఎగరడం మీదీనా?" అని నవ్వాడు. కోపంగా అనలేదు, అదే ఇంకా ఇబ్బందిగా ఉంది.

మార్కులు బాగానే వచ్చాయి. నేనిచ్చేది అయిదుకి రెండున్నర, అందులో రెండు ఆ సౌండ్‌కి.

ఆ రోజు పశువుల శాల దగ్గర తీసిన ఫుటేజ్ పదకొండు నిమిషాలు హార్డ్‌డిస్క్‌లో ఉంది, నిన్ననే తీసి మళ్ళీ ఎడిట్ మొదలుపెట్టా. ముందుగా మావాడి డాన్స్ నలభై సెకన్లు లేపేశా. వాడికింకా చెప్పలేదు, ఈ వీడియో చూసే తెలుసుకుంటాడు.